974 కరెక్టా, 1,053 కరెక్టా? హాస్టల్ రూములో తగవు, హగరి అవతల మా అత్త

పోస్టు పెద్దదైంది, ముందే చెప్తున్నా. ఇప్పుడు టైం లేనోళ్ళు సేవ్ చేసుకొని రాత్రి చదవండి. నేను కూడా మూడు రాత్రులు రాసినా, అదీ ఫోన్‌లో.

విషయం మా హాస్టల్ రూములో మొదలైంది. మేము ఐదుగురం గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు కలిసే చదువుతాం. పోయిన వారం ఒకడు బిట్ అడిగినాడు: ఆంధ్రప్రదేశ్ సముద్ర తీరం పొడవు ఎంత? నేను ఠక్కున 974 కిలోమీటర్లు అన్నా. చిన్నప్పటి నుంచి అదే కదా మనం బట్టీ పట్టింది. ఇంకొకడు కాదు, 1,053 అన్నాడు. వాడి దగ్గర కొత్త పుస్తకం. నా దగ్గర సీనియర్ అన్న ఇచ్చిపోయిన పాత పుస్తకం. నీది అచ్చుతప్పు అని వాడు, నీదే అచ్చుతప్పు అని నేను. మూడోవాడు పడుకునే, "సముద్రం పెరిగిందేమో లేప్పా, లైట్ తియ్యండి" అన్నాడు.

మరుసటి రోజు కూర్చొని వెతికినా. ఇద్దరివీ అచ్చుతప్పులు కావు. కేంద్ర హోం శాఖ 2023–24 వార్షిక నివేదికలో మన దేశ తీరం పొడవును 7,516.6 కిలోమీటర్ల నుంచి 11,098.8కి మార్చేసింది. మన రాష్ట్రానిది 973.7 నుంచి 1,053 అయింది. గుజరాత్ 1,214.7 నుంచి 2,340.6. పశ్చిమ బెంగాల్‌ది అయితే 157.5 ఉన్నది 721కి పోయింది, నాలుగింతలకు పైన. పుదుచ్చేరిది తగ్గింది. ఇంత తేడా వచ్చినా ఒక్క అడుగు కొత్త నేల మనకు రాలేదు, పాత నేల పోలేదు. కొలిచే పద్ధతి మారింది, అంతే. పాత కొలత 1970లలోది, 1:45 లక్షల స్కేల్ మ్యాప్ మీద చేసింది. కొత్తది 1:2.5 లక్షల స్కేల్ మీద. చిన్న మ్యాప్‌లో కనపడని వాగుల మూతులు, మలుపులు, బెంగాల్ వైపు మడ అడవుల సందులు అన్నీ పెద్ద మ్యాప్‌లో కనపడతాయి, లెక్కలోకి వస్తాయి.

ఇది నాకు పుస్తకం కంటే మా ఇంట్లో బాగా అర్థమైంది. మా నాయన గంపలు అల్లుతాడు. గంప అంచును కట్టెతో కొలిస్తే ఒక లెక్క వస్తుంది. అదే అంచు మీద దారం పెట్టి, ప్రతి బరికె ఎక్కి దిగే చోట దారం కూడా ఎక్కించి దించి కొలిస్తే ఇంకో లెక్క వస్తుంది. గంప అదే. రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు ఆయన వెనకటికి దేశాల సరిహద్దులు ఎంత పొడవున్నాయని పుస్తకాలు తిరగేస్తే, స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఉన్న ఒకే సరిహద్దును స్పెయిన్ 987 కిలోమీటర్లు అంటే పోర్చుగల్ 1,214 అన్నదంట. చిన్న దేశం ఇంకా వివరంగా కొలుచుకుంది. దీన్ని పట్టుకొనే మాండెల్‌బ్రోట్ 1967లో బ్రిటన్ తీరం మీద వ్యాసం రాసినాడు. గణితం వాళ్ళకు అది పెద్ద పేరు.

సరే, ఇది కొలబద్ద తగాదా. ఎవరికీ నష్టం లేదు, పరీక్షలో ఒక మార్కు తప్ప. అయితే ఆ రాత్రి అదే పుస్తకంలో పక్క లైను చూసినా. రాష్ట్ర విస్తీర్ణం. పాత పుస్తకంలో 1,60,205 చదరపు కిలోమీటర్లు, కొత్త పుస్తకంలో 1,62,968. తేడా 2,763. మళ్ళీ కొలత పద్ధతేనేమో అనుకున్నా. తెలంగాణది చూసినా: అప్పుడు 1,14,840, ఇప్పుడు 1,12,077. తేడా ఎంతో తీసెయ్యండి. సరిగ్గా 2,763.

అది కొలత కాదు. అది మనోళ్ళ ఊర్లు.

2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడు పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని మండలాలను ఆంధ్రలో కలిపినారు. మేలో ఆర్డినెన్స్, జూలైలో పార్లమెంటులో సవరణ చట్టం. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, పట్టణం తప్పించి భద్రాచలం మండలం, బూర్గంపాడులో కొన్ని ఊర్లు. ఎక్కువగా కోయలు, కొండరెడ్లు ఉండే చోట్లు. భద్రాచలం గుడీ పట్టణం తెలంగాణలో, పట్టణానికి ఆనుకొని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు ఆంధ్రలో. ఆ ఐదు పంచాయతీలను తిరిగి ఇచ్చేయమని తెలంగాణ వైపు నుంచి ఇప్పటికీ అడుగుతున్నారు. మన గ్రూప్‌లో చింతూరు వైపు అన్నలు ఉన్నారు, నేను తప్పు రాసింటే సరిచేయండి.

దీనికి ముందు కథ కూడా ఉంది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 వరకు తూర్పు గోదావరి జిల్లావి. అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలోవి. పరిపాలన సులభం కావాలని ఖమ్మంలో కలిపినారు. యాభై ఐదేండ్ల తర్వాత డ్యామ్ కోసం సగం ఇటు లాగినారు. రెండుసార్లూ ఆఫీసులో ఒక గీత జరిగింది. గోదావరి జరగలేదు, శబరి జరగలేదు. తొంభై ఏండ్ల కోయ ముసలామె ఇల్లు కదలకుండానే మద్రాసు రాష్ట్రం, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, మళ్ళీ కొత్త ఆంధ్రప్రదేశ్ అన్నీ చూసి ఉంటుంది. మన పరీక్షలో అది ఒక బిట్: రాష్ట్ర విస్తీర్ణం ఎంత, ఎ, బి, సి, డి.

దేశం లెక్క కూడా అట్లాంటిదే. 32,87,263 చదరపు కిలోమీటర్లు అని రాస్తాం. అందులో పాకిస్తాన్ చేతిలో ఉన్న 78,114, అక్కడి నుంచి పాకిస్తాన్ చైనాకు ఇచ్చిన 5,180, చైనా పట్టుకున్న 37,555 కూడా కలిసే ఉన్నాయి. జనాభా లెక్కలోళ్ళు అక్కడికి పోలేరు కదా, అందుకని జనసాంద్రత కట్టేటప్పుడు ఆ నేలను తీసేసి కడతారు, కింద చిన్న అక్షరాల్లో నోట్ పెడతారు. బయట దేశాల పుస్తకాల్లో మన విస్తీర్ణం వేరే ఉంటుంది. విస్తీర్ణం అన్నప్పుడు అందులో కొలత సగం, మాది అనే మాట సగం. ఆ మాట అనే హక్కు దేశానికి ఉంది, నేను కాదనను. నేను చెప్పేది చిన్న అక్షరాల నోట్ గురించి. ఎప్పుడూ అసలు కథ ఆ నోట్‌లోనే ఉంటుంది, మనం దాన్నే చదవం.

కొఠియా తెలుసు కదా. సాలూరు పైన, ఆంధ్ర ఒడిశా కొండల్లో 21 ఊర్లు. 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పటి నుంచి ఆ ఊర్లు ఎవరివో తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు ఉన్నది ఉన్నట్టు ఉంచండి అన్నది. అప్పటి నుంచి రెండు రాష్ట్రాల స్కూళ్ళు, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓట్లు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ మూడు ఊర్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకు పోయింది. ఒక ఊరు మనకు గంజాయిభద్ర, వాళ్ళకు గంజెయిపదర్. బయటోళ్ళు నవ్వుతారు, రెండు వైపులా తింటున్నారని. రెండు ప్రభుత్వాలు పోటీపడి వచ్చేంత వరకు ఆ కొండకు రోడ్డు కూడా లేదని వాళ్ళకు తెలియదు.

ఇంత దూరం ఎందుకు పోయినానంటే, మా ఇంటి గీత గురించి చెప్పేదానికి ధైర్యం తెచ్చుకుంటున్నా.

మాది కైరుప్పల. ఆస్పరి మండలం, కర్నూలు జిల్లా పడమర. ఉగాది మరుసటి రోజు టీవీలో పిడకల సమరం చూపిస్తారు కదా, వీరభద్రస్వామి వైపోళ్ళు, భద్రకాళి వైపోళ్ళు రెండు గుంపులై పిడకలతో కొట్టుకునేది, అదే ఊరు. ఆ ఒక్క రోజు మా ఊరు రాష్ట్రం మొత్తానికి తెలుస్తుంది. మిగతా రోజుల్లో సగం ఊరు సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరపకాయలు కోస్తుంటుంది. మేము ఎరుకలోళ్ళం. నాయన గంపలు, చేటలు అల్లుతాడు, అమ్మ కూలికి పోతుంది. మా ఇంట్లో ఇంటర్ దాటి కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు.

మా చోటు పుస్తకాల్లో ఎప్పుడూ ఒకరు ఇంకొకరికి ఇచ్చిన నేల. 1800లో నిజాం ఈ నేలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినాడు, దత్తమండలాలు అని పేరు పడింది. మన్రో వచ్చి 1807 దాకా ఉండి చేను చేను గొలుసుతో కొలిపించినాడు. ఇప్పటికీ మా ముసలోళ్ళు మన్రో పేరు తలుస్తారు, మంచిగానే తలుస్తారు. ఆ వెనకే లాంబ్టన్ దేశం మొత్తానికి త్రికోణాల సర్వే చేసుకుంటూ వచ్చి 1811లో మన గుత్తి దగ్గర ఆధార రేఖ కొలిచినాడు. దేశం మ్యాప్ తయారైంది ఇట్లాంటి గీతల మీదనే. గుంతకల్ పోయేటప్పుడు గుత్తి కొండ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మన్రో గొలుసు చేన్లను కొలిచింది. చేను లేనోళ్ళను ఏం కొలుస్తుంది? మా పెద్దోళ్ళకు అప్పుడు చేన్లు లేవు. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి ఉప్పు, ఇక్కడి నుంచి ధాన్యం మోసుకొని ఊరూరా తిరిగి అమ్మేటోళ్ళు. మా అబ్బ చిన్నప్పుడు వాళ్ళ అబ్బ చెప్పిన మాటలని చెప్పేవాడు: రాత్రి ఆదోని కోట కింద దిగితే, గాడిదలు కట్టేసిన చోట తెల్లారికి ఉప్పు రాలి నేల తెల్లగా ఉండేదంట. నిజమో, ముసలాయన అలంకారమో నాకు తెలియదు. ఆ తర్వాత రైలొచ్చింది. ఆదోని మీదుగా పోయే మద్రాసు బొంబాయి రైలు దారి 1871కి రాయచూరు దగ్గర కలిసిపోయింది. ఉప్పు రైలెక్కింది. గాడిద పని పోయింది.

అదే 1871లో, చూడండి, అదే సంవత్సరం, క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది. మొదట ఉత్తరాదిలో, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా. తిరిగి అమ్ముకునేటోళ్ళు తిరగడం మానలేదు కాబట్టి దొంగలైనారు. ఎరుకలోళ్ళను, సుగాలీలను లిస్టులో ఎక్కించి వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసు దగ్గర హాజరు వేయించుకున్నారు, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు పెట్టినారు. మన పాత కర్నూలు జిల్లాలో సిద్ధాపురం అట్లాంటిదే. ఆ పేరు 1952 ఆగస్టు 31న దేశమంతా తీసేసినారు. మీనా రాధాకృష్ణ అనే ఆమె మద్రాసు వైపు కొరవలు, ఎరుకలోళ్ళ మీద పెద్ద పుస్తకమే రాసినారు, రైలు, ఉప్పు, ఆ చట్టం మూడూ ఎట్లా ఒకదానికొకటి ముడిపడినాయో అందులో ఉంది. ఇంగ్లీషు పుస్తకం, నిదానంగా చదివినా. చదివేటప్పుడు మా అబ్బ మాటలకు పేజీ నంబర్లు దొరికినట్టు అనిపించింది.

ఇప్పుడు 1953. మన పాఠంలో అది తెలుగోళ్ళ గెలుపు. పొట్టి శ్రీరాములు ప్రాణం ఇచ్చినారు, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని. కర్నూలు జిల్లా పిల్లలుగా మనకు అది గర్వం, నాకూ గర్వమే. పాఠంలో ఒక్క లైనులో దాటేసేది ఏందంటే, ఆదోని, ఆలూరు అప్పటి దాకా కర్నూలు జిల్లావి కావు. బళ్ళారి జిల్లావి. ఆ జిల్లాలో తెలుగు ఉంది, కన్నడ ఉంది, ఆదోనిలో ఉర్దూ ఉంది. ఇది ఎవరిది అని ముప్పై ఏండ్లు తగువాడినారు. 1921లోనే కాంగ్రెస్ తన ప్రాంత కమిటీల కోసం కేల్కర్‌తో తీర్పు చెప్పించింది: ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, మిగతాది కర్ణాటకకు. 1953లో వాంఛూ నివేదిక తర్వాత దాదాపు అదే గీత మళ్ళీ వేసినారు. ఆదోని, ఆలూరు కర్నూలులో కలిసినాయి, రాయదుర్గం అనంతపురంలో. సిరుగుప్ప, హొస్పేట, కూడ్లిగి అట్లాంటివి మైసూరుకు. బళ్ళారి తాలూకా మాత్రం ఎటూ తేలలేదు. దానికోసమని మిశ్రా కమిషన్ వేసినారు, చివరికి ఎక్కువ భాగం మైసూరుకు పోయింది. అంతటితో అయిపోలేదు. 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ తుంగభద్ర డ్యామ్‌ను దృష్టిలో పెట్టుకొని బళ్ళారి, హొస్పేట, సిరుగుప్పలను ఆంధ్రకు ఇవ్వమంది. కేంద్రం ఒప్పుకోలేదు. అందుకే ఆదోని, ఎమ్మిగనూరు చేన్లకు వచ్చే తుంగభద్ర దిగువ కాలువ ఇప్పటికీ అవతలి రాష్ట్రంలో చాలా దూరం పారి, ఆ తర్వాతనే మన దగ్గరికి వస్తుంది. చివరి తూము రైతును అడగండి గీత అంటే ఏందో, కమిషన్ల కంటే బాగా చెప్తాడు.

ఆ తగవు మొత్తం ఎట్లా నడిచింది? జనాభా లెక్కలతో. ఈ ఊర్లో తెలుగు ఎంతమంది, కన్నడ ఎంతమంది. రెండు వైపులా కాగితాలు పట్టుకొని నీ లెక్క తప్పు అంటే నీ లెక్క తప్పు అనుకున్నారు, మా రూములో 974, 1,053 లాగ. అయితే ఆ లెక్కలో మేము ఎవరం? మా ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు, కన్నడ కాదు. ఎరుకల మాట. కుర్రు అని కూడా అంటారు. సుగాలీ అన్నల ఇండ్లలో గోర్ బోలి. ఆదోని చుట్టూ ఊర్లలో ఉన్న మనం ఆ తరాజులో ఏ వైపూ బరువు పెట్టలేదు. గీత పడిన తర్వాత మాత్రం అందరికంటే ఎక్కువగా మనల్నే కోసింది. ఇది ఊరికే అనడం లేదు, ఎట్లా కోసిందో చెప్తా.

మా నాయనకు ఒక అక్క. పెండ్లి చేసి సిరుగుప్ప వైపు ఒక ఊరికి ఇచ్చినారు. అప్పట్లో అది దూరం సంబంధం కూడా కాదు, హగరి దాటితే వచ్చే ఊర్లే, మా ముసలోళ్ళంతా అటే పిల్లను ఇచ్చుకునేది. అటువైపు మావాళ్ళ పేరు కొరచ. కొరవ, కొరమ, కొరచ, ఎరుకల, పేరు తాలూకాకొకటి మారుతుంది గానీ మాట ఒకటే, ఇంటిపేర్లు కలుస్తాయి, పెండ్లిండ్లు జరుగుతాయి. మరి రాజ్యాంగంలో 341, 342 ఆర్టికల్స్ ప్రకారం లిస్టు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేరే. ఇక్కడ ఎరుకల ST. కర్ణాటకలో కొరచ, కొరమ SC. సుగాలీలకు కూడా అంతే: ఇక్కడ ST, అక్కడ లంబాణీ SC. తెలంగాణలో అయితే లంబాడీలకు ST వచ్చింది 1976 చట్టంతోనే, ఆంధ్రలో అంతకు ముందు నుంచే ఉన్నా. ఒక్క జాతి, మూడు వైపుల మూడు కథలు.

మా అత్త కూతురు అక్కడ పీయూసీ పాసైంది. మామ పోయినాడు, ఇంట్లో కష్టం, మా దగ్గర ఉండి ఆదోనిలో డిగ్రీ చదువుతానని వచ్చింది. సర్టిఫికెట్ తీసుకొని ఒక ఆఫీసుకు పోయినాం. అక్కడాయన మంచిగానే మాట్లాడినాడు, నేను ఆయన్ను తిట్టను. కాగితం చూసి చెప్పినాడు: "అమ్మా, ఈ SC ఇక్కడ చెల్లదు. కొరచ అనే పేరు మన SC లిస్టులో లేదు. ఎరుకల అని ST ఇద్దామంటే మీ నాయన స్వస్థలం ఇది కాదు." అంటే ఆ పిల్ల హగరి దాటేసరికి SC కాదు, ST కాదు, ఏమీ కాదు. హాస్టల్ లేదు, స్కాలర్‌షిప్ లేదు. తర్వాత వెతికితే తెలిసింది, ఇది ఆ ఆఫీసాయన సొంత మాట కాదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పిన మాట. ఆ కేసు కూడా మన తెలుగాయనదే. తెనాలిలో పుట్టిన ST ఆయన, బొంబాయిలో మెడిసిన్ సీటుకు పోతే, నువ్వు ఆంధ్రలో ST, ఇక్కడ కాదు అన్నారు. కోర్టు కూడా అదే ఖాయం చేసింది.

ఆ తీర్పుకు కారణం లేకపోలేదు. ఒక చోట వెనకబడినోళ్ళు ఇంకో చోట అంత వెనకబడి ఉండకపోవచ్చు, బయట నుంచి వచ్చి స్థానికుల వాటా తీసుకోకూడదు అని. పనికోసం దూరం పోయినోళ్ళ విషయంలో ఆ మాటకు అర్థం ఉంది. మా అత్త పనికోసం దూరం పోలేదు. వాళ్ళ తాతల కాలంలో అది ఒకే జిల్లా, ఒకే కలెక్టరు. జనం వలస పోలేదు, గీతే వలస వచ్చింది. ఈ తేడాను లిస్టు చూడదు. ఆ రోజు బస్టాండులో కూర్చొని మా అత్త అన్నమాట: "తోడబుట్టినోడు ST, కన్నబిడ్డ SC, మరి నేనేందిరా?" నేను డిగ్రీ చదువుతున్నా, నా దగ్గర జవాబు లేదు. పిల్ల వెనక్కి పోయింది. ఇప్పుడు బళ్ళారిలో బట్టల షాపులో పని చేస్తుంది, చదువు తర్వాత చూద్దాం అంటుంది.

ఇంకో మాట కూడా రాయాలి. కొంతమందికి నచ్చకపోవచ్చు. అదే గీత మన పక్కింటి బోయలను తిరగేసి కొట్టింది. అవతల నాయక, బేడ అని ST. ఇవతల వాల్మీకి బోయ మైదానంలో BC, ఏజెన్సీలో అయితే ST. 2023 మార్చిలో మన అసెంబ్లీ రాయలసీమ బోయలను ST లిస్టులో చేర్చమని తీర్మానం చేసినప్పుడు మన గ్రూపులో ఎంత గొడవ అయిందో గుర్తుంది. మనకున్నది చిన్న వాటా. పాత కర్నూలు జిల్లా మొత్తంలో ST జనాభా 2011 లెక్కల్లో దాదాపు 2 శాతమే. పెద్ద కులం వచ్చి కలిస్తే మన పిల్లలకు ఏమి మిగులుతుంది అనే భయం నిజమైనదే, నాకూ ఉంది. వాటా పెంచకుండా మనుషుల్ని పెంచితే నేను కూడా వద్దనే అంటా. అయితే బోయ స్నేహితుడు నా పక్కన కూర్చొని "హగరి అవతల మా బావ ST, నేను BC" అంటే, వాడిది అబద్ధం అని నేను అనలేను. మా అత్త గుర్తొస్తుంది.

ఇక భాష లెక్క. ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా. 2011 జనాభా లెక్కల భాషల పట్టిక తెరిచి చూడండి. హిందీ మాట్లాడేవాళ్ళు 52 కోట్ల 83 లక్షలు అని ఉంటుంది. దేశంలో ఏ భాషకు ఎంతమంది అని ఎవరు వాదించినా ఈ అంకెతోనే మొదలుపెడతారు. దాని కింద ఏమేం కలిపినారో వివరం కూడా ఉంటుంది: భోజ్‌పురి 5 కోట్లు, రాజస్థానీ రెండున్నర కోట్లు, అట్లా కిందికి వస్తే లంబాడీ 32 లక్షలకు పైన, బంజారీ 15 లక్షలకు పైన. మన తండాల్లో హిందీ రాక టీవీ సీరియల్ అర్థంకాని సుగాలీ అవ్వలు లెక్కలో హిందీ వాళ్ళు.

మాది ఇంకో విచిత్రం. ఎరుకల భాషను తమిళం కింద కలిపినారు. మా మాట తమిళానికి దగ్గరని భాషా శాస్త్రవేత్తలు చెప్తారు, అది నిజమే. ఒకసారి గుంతకల్ స్టేషన్‌లో తమిళం వాళ్ళు మాట్లాడుకుంటుంటే మా అవ్వ సగం అర్థం చేసుకొని నవ్వింది, "మనోళ్ళే గానీ కొంచెం వంకరగా మాట్లాడతాండ్లు" అనింది. దగ్గర కావడం వేరే, అదే కావడం వేరే. తెలుగు, కన్నడ కూడా దగ్గరే కదా, ఒకదాని కింద ఇంకొకటి రాసి చూడండి ఏమవుతుందో. 1953లో అందుకే కదా కమిషన్లు వేసింది.

దానికంటే పెద్ద దెబ్బ మనమే కొట్టుకున్నాం. 2011లో పాత ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకల జనాభా 5 లక్షలకు పైన. దేశం మొత్తం మీద మాతృభాష ఎరుకల అని రాయించుకున్నోళ్ళు 58 వేలు. 2001లో అది 69 వేలు ఉండేది. దాదాపు తొమ్మిది మందిలో ఒకరే. మిగతావాళ్ళలో చాలామందికి మాట పోయింది నిజమే, ఊర్లో కలిసి తెలుగే మాట్లాడతారు. మాట ఉండి కూడా రాయించనోళ్ళు ఎంతమంది? మా ఇంటికి 2011లో లెక్కలకు వచ్చినాయన గురించి అమ్మను అడిగినా. ఆయన అడగనే లేదంట, తెలుగులో మాట్లాడుతున్నారు కదా అని తెలుగు అని రాసుకొని పోయినాడంట. అమ్మ కూడా చెప్పలేదు. "ఎరుకల మాట అని చెప్తే మళ్ళీ ఆ పాత పేరు, పోలీసోళ్ళు, ఎందుకులే" అనింది. 1952లో చట్టం పోయింది. అరవై ఏండ్ల తర్వాత కూడా అమ్మ నోట్లో అది ఉంది. ఆ 58 వేలు అనే అంకె వెనకాల చిన్న అక్షరాల నోట్ రాయాలంటే ఇదే రాయాలి. పట్టికలో ఆ చోటు లేదు.

మళ్ళీ జనాభా లెక్కలు వస్తున్నాయి. 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చినారు, 2027 మార్చి 1 లెక్క తేదీ. ఈసారి అందరి కులం అడుగుతారు. ఫోన్‌లో మనమే నింపుకునే అవకాశం కూడా ఉంటుంది అంటున్నారు. ఊర్లో ముసలోళ్ళకు ఫోన్ రాదు, మనమే కూర్చొని నింపాల్సి వస్తుంది. కులం గడిలో ఏం పెట్టాలో అందరికీ తెలుసు, సర్టిఫికెట్ ఉంది కాబట్టి. మాతృభాష గడి దగ్గర ఆగండి. ఇంట్లో ఎవరైనా మాట్లాడుతుంటే ఎరుకల అని పెట్టండి, సుగాలీలైతే లంబాడీ అని, కోయలైతే కోయ అని. వాళ్ళు తీసుకుపోయి తమిళం కింద పెడతారో, హిందీ కింద పెడతారో అది తర్వాతి తగవు. అసలు అంకె ఉంటేనే దాని మీద తగవు పెట్టుకోగలం. పది వేల కంటే తక్కువమంది రాయించుకున్న భాష పేరు పట్టికలో విడిగా కూడా కనపడదు. నల్లమల చెంచు అన్నలు, మీ పెద్దోళ్ళను అడిగి మీది కూడా ఇక్కడ రాయండి.

పోయిన ఆదివారం ఊరికి పోయినప్పుడు మా అవ్వను అడిగినా, లెక్కలోళ్ళు వస్తే మన మాట ఏదని చెప్తావు అని. చేట అంచు కట్టుకుంటూ తల ఎత్తలేదు. "ఎవురికి చెప్పల్ల?" అనింది. గవర్నమెంటుకు అవ్వా అన్నా. కొంచెం సేపు అల్లింది. తర్వాత మా మాటలోనే, అమ్మకు వినపడేంత గట్టిగా చెప్పింది, చెప్తాలే అని.

మా అత్తకు కూడా ఫోన్ చేసినా. అక్కడ ఫారంలో కొరచ అని రాయల్లనా, ఎరుకల అని రాయల్లనా అని నన్నే అడిగింది. కులం గడిలో మీ దగ్గరి సర్టిఫికెట్ పేరే రాయమని చెప్పినా. భాష గడి గురించి మాత్రం ఇద్దరం ఒక మాట అనుకున్నాం, హగరి ఇవతల అవతల ఒకే పేరు రాద్దామని. ఏ పేరో ఇంకా తేలలేదు, ఆమె కొరవ మాట అంటుంది, నేను ఎరుకల అంటున్నా. సిరుగుప్ప, కౌతాళం, హాలహర్వి వైపు మనోళ్ళు ఎవరైనా ఉంటే మీ ఇంట్లో ఏమంటారో కామెంట్‌లో చెప్పండి.